తుఫాను కబురు విన్నాక

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. తుఫాను గురించి చెబుతానంటే, "మన పల్నాడుకు సముద్రమెక్కడుంది మాస్టారూ?" అని నవ్వారు. ఆ నవ్వుకు జవాబుగానే మాట్లాడుతున్నాను.

తుఫాను అనే మాట అరబ్బీది. నూహ్ అలైహిస్సలాం నాటి జలప్రళయానికి ఖురాన్ షరీఫ్‌లో వచ్చే మాట అదే. అట్లాంటిక్ సముద్రంలో పుడితే దానినే హరికేన్ అంటారు. పేర్లు వేరు గాని పుట్టుక ఒక్కటే. వెచ్చబడిన సముద్రం మీద ఆవిరి పైకి లేస్తుంది, చుట్టూ గాలి సుడి కడుతుంది. మన వైపు, అంటే భూమధ్యరేఖకు ఉత్తరాన, ఆ సుడి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుచేత తుఫాను నడిచే దారికి కుడిపక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. అదే ఉప్పెన. ప్రాణాలు ఎక్కువగా తీసేది గాలి కాదు, ఈ నీళ్ళే.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడిపక్కన ఉన్నది కృష్ణ పాయల నడుమ దివిసీమ. సుమారు అయిదు మీటర్ల ఎత్తున నీళ్ళు ఊళ్ళ మీద పడ్డాయి. ఒక్క రాత్రిలో వేలమంది పోయారు. పదివేలని కొందరు, అంతకంటే ఎక్కువని కొందరు లెక్క చెబుతారు. హెచ్చరిక లేకపోలేదు. కాని రేడియో ఎందరి ఇళ్ళల్లో ఉంది? విన్నవాళ్ళు కూడా గాలివానే అనుకున్నారు గాని సముద్రం లేచి వస్తుందనుకోలేదు.

బక్రీదు ముంగిట జరిగింది ఇది. మా అబ్బా అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. పండగనాడు ఈద్‌గాలో ఎవరి ముఖానా కళ లేదనీ, ఖుర్బానీ తోళ్ళ డబ్బు ఆ ఏడు దివిసీమకే పంపారనీ చెప్పేవాడు. ఇంట్లో ఉన్న రెండు బొంతల్లో ఒకటి మా దాదీ ఇచ్చేసిందట. ఆ చలికాలమంతా ఒక్క బొంత కిందే ఐదుగురు పడుకున్నామని అబ్బా నవ్వుతూ చెప్పేవాడు.

చదువుకున్నవాళ్ళు కూడా నమ్మరు సుమా! అమెరికాలో గాల్వెస్టన్ అని ఒక ద్వీపనగరం. సముద్రానికి గోడ కట్టాలని కొందరంటే, అక్కరలేదని 1891లో పత్రికలో రాసినాయన అక్కడి వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్. 1900 సెప్టెంబరు 8న, అదీ శనివారమే, హరికేన్ వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. చనిపోయినవాళ్ళలో ఆయన భార్య కూడా ఉంది. గోడ ఆ తర్వాత కట్టారు.

దివిసీమ తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మేలో మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను తాకింది. ఈసారి లక్షలమందిని ముందుగానే ఖాళీ చేయించారు. పోయిన ప్రాణాలు వెయ్యిలోపే. అదీ తక్కువేం కాదు గాని, 1977తో పోల్చి చూడండి.

ఇక మన సంగతి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు కొద్దిరోజుల ముందు తరగతిలో నల్లబల్ల మీద సుడిగాలి బొమ్మ వేసి పిల్లలకు పాఠం చెప్పాను. మా తమ్ముడు ఫోన్ చేసి, "భాయ్, కౌలు చేలో పత్తి విచ్చి ఉంది, కూలీలను పెట్టి తీయించమంటావా?" అంటే, "సముద్రం మనకు దూరంలేరా, ఆదివారం చూద్దాం" అన్నాను. వాన మూడు రోజులు వదల్లేదు. పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. పెట్టుబడికి తెచ్చిన అప్పు ఈ ఏడు తీర్చాం. కార్యదర్శి గారిలాగే నేనూ నవ్వానన్నమాట!

ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్ మీద భారం వేయమని చెప్పిన ప్రవక్త (స.అ.స.) ఉమ్మత్ మనం. మిరప కల్లాల మీద పట్టాలు ఎవరికి వారు కప్పుకుంటారు. నా బెంగ వాగుల దగ్గరి ఇళ్ళ గురించి. మాచర్లలో చంద్రవంక, కారంపూడి వైపు నాగులేరు పొంగితే అర్ధరాత్రి ఎవరిని లేపాలి? నడవలేని ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు? ఫోన్లకు మెసేజి వస్తుంది, నిజమే. చదవలేని అమ్మకు ఎవరు చదివి చెప్పాలి? మసీదు మైకు ఉంది, ఏ వేళకైనా దాని తాళం దొరకాలి.

ఇందుకోసం సొసైటీ ఒక పుస్తకం పెట్టాలని అడుగుతున్నాను. మొదటి పేజీ నేనే రాసి తెచ్చాను. మా గల్లీలో పద్నాలుగు ఇళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు ముగ్గురు, మంచం పట్టినాయన ఒకరు. మిగతా గల్లీల కుర్రవాళ్ళు భోజనాలకు ముందు నా దగ్గరికి రావాలి. కలం కూడా నా జేబులోనే ఉంది.