పాసుబుక్కు పారేస్తే ఖాతా మూసినట్టు కాదు
(స్కాలర్‌షిప్పుల వితరణ సభ, కొంతం చౌక్, షోలాపూర్: ప్రసంగ పాఠం)



నన్ను బ్యాంకు ఖాతాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసిన వాడిని గనుక ఆ విషయమైతే రాత్రిదాకా చెప్పగలను. కాని ఈ రోజు వాట్సాప్ ఖాతా గురించి మాట్లాడదలచుకున్నాను. బ్యాంకు ఖాతాల విషయంలో ఎన్నడూ చేయని తప్పు నేను వాట్సాప్ ఖాతా విషయంలో చేశాను. దానివల్ల మన పేటలోని ఒక అమ్మాయికి ఒక ఏడాది స్కాలర్‌షిప్పు పోయింది.

ఆ సంగతి ముందు చెప్తాను. రిటైరైన తర్వాత మన పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు ఆన్‌లైన్‌లో నింపి పెట్టడం నేను పెట్టుకున్న పని. తల్లులు ఆధార్, మార్క్‌షీట్, ఆదాయపు దాఖలా, పాసుబుక్కు మొదటి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపేవారు. మూడేళ్ళ క్రితం జూన్ ఆఖరులో కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకున్నాను. పాత ఫోనులోంచి వాట్సాప్‌ను వేలితో నొక్కి పట్టి తీసేశాను. పని అయిపోయింది అనుకున్నాను. పాత సిమ్ముకు రీచార్జి కూడా మానేశాను. తెలిసినవారికి కొత్త నంబరు చెప్పాను. నాకు తెలియనివారి దగ్గర కూడా నా పాత నంబరు ఉంటుందని తట్టలేదు.

సెప్టెంబరులో ఒక బీడీ కార్మికురాలు, భర్త లేని మనిషి, పక్కింటామె దగ్గర నా పాత నంబరు తీసుకుని ఫోనులో ఎక్కించుకుని, పదకొండో తరగతి కామర్స్ చదివే బిడ్డ కాగితాలన్నీ దానికి పంపింది. ఒక్క టిక్కు పడింది. బడిలో లెక్క సరిగ్గా చేస్తే పంతులు గారు పెట్టే గుర్తు అదే కదా! టిక్కు పడ్డది, అంతా సరిగ్గా ఉన్నది అని ఆమె నిశ్చింతగా ఉండిపోయింది. గడువు దాటిన పది రోజులకు మా ఇంటికి వచ్చి, "నా బిడ్డది ఎంతవరకు వచ్చింది కాకా?" అని అడిగింది. నా దగ్గరికి ఏ కాగితమూ రాలేదన్నాను. "పంపిన గదా కాకా, టిక్కు గూడ పడ్డది" అని ఫోను చూపించింది. ఆ ఒక్క టిక్కును చూసి నాకు నోట మాట రాలేదు.

ఒక్క టిక్కు అంటే ఆమె ఫోను నుండి వెళ్ళింది అని. రెండు టిక్కులు పడితేనే అవతలి ఫోనుకు చేరినట్టు. చేరని సందేశాన్ని వాట్సాప్ వారు 30 రోజులు తమ దగ్గర ఉంచుకుని తర్వాత తీసేస్తారు. నేను యాప్ మాత్రమే తీసేశాను గనుక నా ఖాతా అలాగే బతికి ఉంది. ఆమె ఫోనులో నా నంబరు వాట్సాప్ ఉన్నవారి జాబితాలోనే కనిపించింది. నేను ఖాతానే తొలగించి ఉంటే ఆ నంబరు ఆ జాబితాలో ఉండేది కాదు, "ఇన్వైట్" అని పక్కన రాసి ఉన్నవారిలో చేరేది. పంపబోతేనే కుదరదు గనుక ఆ రోజే నడిచి మా ఇంటికి వచ్చి ఉండేది. ఆమె ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతలే. ఆ ఏడు ఫీజు ఆమె భిషీ ఎత్తి కట్టింది. సగం నేను పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

బ్యాంకులో ఖాతా మూసేటప్పుడు మేము ఏం చేసేవాళ్ళమో ఇక్కడి పెద్దలకు తెలుసు. ఖాతాదారు అర్జీ రాసివ్వాలి, పాసుబుక్కు, మిగిలిన చెక్కులు తిరిగి ఇవ్వాలి. మేము వడ్డీ కట్టి బాకీ చెల్లించి, లెడ్జరులో ఆ పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో గీత గీసి, ఆఫీసరు చేత సంతకం పెట్టించేవాళ్ళం. పాసుబుక్కు మూసీలో పారేసి, ఖాతా మూసేశానని ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం. (షోలాపూర్‌లో మూసీ ఎక్కడిది అనకండి, మా తాత తెచ్చిన మాట ఇంకా నోట్లో ఉంది.) అంత నవ్వినవాడిని, నేను చేసింది అదే.

వాట్సాప్‌లో మూడు వేరువేరు పనులు ఉన్నాయి. యాప్ తీసేయడం పాసుబుక్కు బీరువాలో పెట్టినట్టు. నంబరు మార్చుకోవడం ఖాతాను ఒక బ్రాంచి నుండి ఇంకో బ్రాంచికి బదిలీ చేసినట్టు. నాకు కావలసింది నిజానికి ఇదే. సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళితే "చేంజ్ నంబర్" ఉంటుంది. పాత నంబరు, కొత్త నంబరు రెండూ వేస్తే గ్రూపులు అలాగే ఉంటాయి, మనవారికి కబురు కూడా అదే పంపుతుంది. నాకది తెలియదు. అడిగితే ఇంట్లో మనవడు చెప్పేవాడే, అడగడానికి అభిమానం అడ్డం వచ్చింది.

ఇక మూడోది, ఖాతాను శాశ్వతంగా తొలగించడం. సెట్టింగ్స్, అకౌంట్, తర్వాత "డిలీట్ అకౌంట్". దేశం కోడ్ +91 తో మీ నంబరు వేసి నొక్కాలి. యాప్ ఫోనులో ఉండగానే ఈ పని చేయాలి, యాప్ తీసేయడం ఆ తర్వాత. నొక్కిన తర్వాత వెనక్కి తెచ్చుకోలేరు. పాత సందేశాలు, గ్రూపుల్లో సభ్యత్వం, గూగుల్ డ్రైవ్‌లో దాచిన బ్యాకప్ అన్నీ పోతాయి. మీ సమాచారం వారి దగ్గర పూర్తిగా తుడిచిపెట్టడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. కావలసిన మాటలు, ఫోటోలు ఉంటే ముందే "ఎక్స్‌పోర్ట్ చాట్" చేసుకోండి. ఒక సంగతి పిల్లలు ముఖ్యంగా వినాలి. మీరు ఇతరులకు పంపినవి వారి ఫోనుల్లో అలాగే ఉంటాయి. మీ ఖాతా పోయినంత మాత్రాన మీరు పంపిన ఫోటో పోదు.

కొందరు తండ్రులు పన్నెండో తరగతి పరీక్షలకు ముందు వాట్సాప్ మొత్తం పీకేయమంటున్నారు. పరీక్షల కోసం ఖాతా తొలగించనక్కరలేదని నా అభిప్రాయం. యాప్ తీసేస్తే చాలు, పరీక్షలయ్యాక అదే నంబరుతో మళ్ళీ పెట్టుకోవచ్చు. కాని 30 రోజులు దాటితే మధ్యలో వచ్చిన సందేశాలు దొరకవు. ప్రాక్టికల్ తేదీ మారిందని కాలేజీ గ్రూపులో పెడితే మీకు తెలియదు. అందుకని ఒక స్నేహితుడితో, ఏదైనా ఉంటే ఫోను చేయమని చెప్పి ఉంచండి. బ్యాంకులో సేవింగ్స్ ఖాతా రెండేళ్ళు కదలకపోతే నిద్రలో పడుతుంది, డబ్బు ఎక్కడికీ పోదు. వాట్సాప్‌కు అంత ఓపిక లేదు. సుమారు 120 రోజులు వాడకపోతే ఖాతాను తనే తీసేస్తుంది.

ఇక సిమ్ముల సంగతి. కొత్త ఆఫరు వచ్చినప్పుడల్లా మన పిల్లలు సిమ్ము మారుస్తున్నారు. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం 2011 జనవరి నుండి దేశమంతా ఉంది, అది వాడుకోండి. వదిలేసిన నంబరు ఊరకే ఉండదు, ఇంకొకరికి ఇస్తారు. ఇలా ఇవ్వకూడదని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజుల దాకా కొత్తవారికి ఇవ్వరని ట్రాయ్ వారు కోర్టుకు చెప్పారు. 2023 నవంబరులో కోర్టు ఆ కేసును ముగిస్తూ, పాత నంబరుతో ఉన్న వాట్సాప్ ఖాతాను తొలగించి, ఫోనులోనూ క్లౌడ్‌లోనూ ఉన్న సమాచారాన్ని తుడిచేస్తే దుర్వినియోగాన్ని ఆపవచ్చని చెప్పింది. అంటే జాగ్రత్త మన చేతిలోనే ఉన్నదన్నమాట. ఆ నంబరు బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఉంటే ముందు అక్కడ మార్పించండి. ఓటీపీ ఇంకొకరి ఫోనుకు పోతే ఎంత నష్టమో, కౌంటరు అవతల ఏడ్చినవారిని చూసిన నాకు తెలుసు.

నా పాత నంబరు ఇప్పుడు ఎవరిదో నాకు తెలియదు. మీ ఫోనుల్లో నా పేరు మీద రెండు నంబర్లు ఉంటే, చివర్లో 7 ఉన్నది తీసేయండి.

ఆ అమ్మాయి ఇప్పుడు బీకాం చదువుతోంది. ఈ రోజు వెనుక బల్ల దగ్గర కూర్చుని మీ ఫారాలు తీసుకుని రసీదులు రాసిస్తున్నది ఆమే. తన మాట చెప్పవచ్చా అని నిన్న అడిగితే, "పేరు చెప్పకుండ చెప్పండి కాకా" అన్నది. ఫారం ఇచ్చినవారు రసీదు తీసుకోకుండా వెళితే ఆమె ఊరుకోదు.

సభ అయిన తర్వాత నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పాత నంబరు ఖాతా ఉన్నవారు ఫోను తీసుకుని రండి, ఒక్కొక్కరిది చూసి చేసి పెడతాను. అమ్మలు కూడా రండి, చాలా ఇళ్ళలో ఫారానికి ఇచ్చిన నంబరు మీదే.