బాకీ అను మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



జమాఖర్చులు వ్రాయుట నా వృత్తి. కనుక ఒక పాత బాకీని గూర్చి విన్నవించెదను.

1997లో నేను హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువలో ఒక గదిలో నుంటిని. ప్రక్కగదిలో యెమెను దేశపు సనా నగరమునుండి వచ్చిన విద్యార్థి యుండెను. అతని మాతృభాష అరబ్బీ. నెలకు 150 రూపాయలకు అతనికి ఇంగ్లీషు చెప్ప నొప్పుకొంటిని.

అరబ్బీలో పకారము లేదు. "పెన్ను" అతని నోట "బెన్ను" అయ్యెడిది. "ఐ యామ్ ఎ స్టూడెంట్" అనుటకు "ఐ స్టూడెంట్" అనెడివాడు. విసుగుకొంటిని. అరబ్బీలో అట్టిచోట క్రియ యక్కరలేదని పిదప తెలిసినది. మన "నేను రైతును" అను వాక్యమున మాత్రము క్రియ యేది? నాటినుండి విసుగుకొనుట మానితిని.

కాఫీగింజల పొట్టును అల్లముతో కాచి, "కిష్ర్" అని నాకిచ్చెడివాడు. అది త్రాగువరకు పుస్తకము తెరువనిచ్చెడివాడు కాడు.

తొలినెల జీతమిచ్చి, తన పుస్తకమున అంకె వేసికొనెను. నిలువుగీత, సున్న, చుక్క! నేను తెల్లబోతిని. మన సున్నవంటిది వారికి ఐదు. వారి సున్న చుక్క. ఆ అంకెలను తమవారు "హిందీ అంకెలు" అందురని నవ్వెను.

అంతట నా ఖాతాపుస్తకము చదివి వినిపించితిని. జమ, వసూలు, హద్దు, తారీఖు, ఖరీఫు, రబీ: ప్రతిమాటకు అతడు తలయెత్తెను. అన్నియు అరబ్బీ మాటలే! వసూలనగా వచ్చి చేరుట. ఖరీఫు వారికి శరత్తు, రబీ వసంతము. నేనవి మన ఊరి మాటలే యనుకొనియుంటిని.

తండ్రికి జబ్బని కబురు రాగా, రెండునెలల జీతము నిలిపి అతడు స్వదేశమునకు పోయెను. "బాకీ 300" అని వ్రాసితిని. 2015లో యెమెనున యుద్ధము విజృంభించినదని పత్రికలో చదివి, ఆ పుట తీసితిని. బాకీ యనగా రావలసిన సొమ్మని మనమందుము. అరబ్బీలో "మిగిలి నిలుచునది" అని యర్థమని అతడే చెప్పియుండెను. అతడు నేర్పినదానికి నేనేమి చెల్లించితిని? ఆ బాకీ నాదే.

2021లో మనము ఊరు విడిచితిమి. ఇండ్లు, పొలములు, హద్దురాళ్లు మల్లన్నసాగరు నీటిలో మునిగినవి. మనకు మిగిలి నిలిచిన వానిలో ఈ గ్రంథాలయ మొకటి. గల్ఫుదేశములకు పోవు మన యువకులకై అరబ్బీ నేర్పు పుస్తకములు తెప్పింప వేడెదను. అందులకు ఈ 300 రూపాయలు జమకట్టుకొనుడు.

సెలవు.