పందెమను మాట



తెలుగువారి యింట పందెమను మాట వినబడని దినము అరుదు. రైలు ఆలస్యముగా వచ్చుననుటకు పందెము, వాన రాదనుటకు పందెము, ఫలానా దస్త్రము ఈ వారమున కదలదనుటకు పందెము. వీనిలో పెక్కింట పైకము చేతులు మారదు. "పందెమా?" యని చేయి చాచినవానికి కావలసినది ఎదుటివాడు వెనుకంజ వేయుట. అయినను ఒక రూపాయి పేరైన చెప్పనిదే మాటకు బరువు రాదని అతడెరుగును. పంతమునకును దీనికిని భేదమిచ్చటనే యున్నది. ఒక్కడే పంతము పట్టి కూర్చుండగలడు. పందెమునకు రెండవ మనిషి కావలెను.

ప్రాచీన కావ్యములలో దీనికి పన్నిదమని పేరు, సంస్కృతమున పణము. పణ ధాతువునకు బేరమాడుటయు, జూదమున ఒడ్డుటయు రెండును అర్థములే. వ్యవహృ, పణ ధాతువులు సమానార్థకములుగా నున్నప్పటి విభక్తిని గూర్చి పాణిని ఒక సూత్రమే చేసెను. క్రయవిక్రయములందును ద్యూతమునందును ఆ రెండింటికి అర్థమొక్కటియని వ్యాఖ్యాతలు వివరించిరి. అంగడికి ఆపణమనియు, సరకునకు పణ్యమనియు పేర్లు వచ్చినది ఈ ధాతువునుండియే. వర్తకునకును జూదరికిని వ్యాకరణము ఒకే పీట వేసినదన్న మాట వర్తకులకు రుచింపకపోవచ్చును.

హిందీలో పందెమును శర్త్ అందురు. ఈ అరబ్బీ మాటయే తెలుగున షరతైనది; కాని మన షరతునకు నియమమను అర్థమే నిలిచినది. ఢిల్లీకి క్రొత్తగా వచ్చిన తెలుగు గుమాస్తా "శర్త్ లగావో" యని విని, ఏ నియమము పెట్టుమనుచున్నారో తెలియక తెల్లబోవుట వింత కాదు. కన్నడమున పంద్యమనగా ఆటల పోటీ. తెలుగునను పరుగు పందెము, పడవ పందెము అట్టివే. బడిలో పరుగెత్తు పిల్లవాడు ఏమియు ఒడ్డుట లేదు.

ఈ ఒడ్డుట యను క్రియ వద్ద కొంత నిలువవలెను. పందెము వేయుదురు, కట్టుదురు, కాయుదురు; పణమును ఒడ్డుదురు. జూదపు పలకను ఎన్నడును చూడనివారు సైతము "ప్రాణములొడ్డి కాపాడెను", "ఆరోగ్యమును పణముగా పెట్టెను" అని వ్రాయుచున్నారు. ఒడ్డిన వస్తువు ఒడ్డినవాని సొంతమై యుండవలెను గదా! ద్యూతసభలో ద్రౌపది అడిగినది అదియే. ముందు తన్ను తానోడిన ధర్మరాజునకు పిదప ఆమెను ఒడ్డు అధికారమెక్కడిది? భీష్మునంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను.

అంతకంటె సామాన్యమైన పందెము ఆదిపర్వమునందే యున్నది. అక్కచెల్లెండ్రు కద్రువయు వినతయు దూరమున ఉచ్చైశ్శ్రవమను గుర్రమును చూచిరి. తోక నల్లనిదని కద్రువ, గుఱ్ఱమంతయు తెల్లనిదేయని వినత. నాలుగడుగులు వేసి చూచినచో తీరిపోవు తగవు. కాని ఓడినవారు దాస్యము చేయవలెనని పందెము పడినది. చూచుట మరునాటికి వాయిదా పడినది. ఆ నడుమ కద్రువ యాజ్ఞచే సర్పము తోకను చుట్టుకొనెను, వినత ఓడెను. గరుత్మంతుడు ఆనాటికి గుడ్డులోనే యుండెను. పందెమెరుగని ఆ బిడ్డ పుట్టి పెరిగి, సవతితల్లి కొడుకులను వీపున మోసి, అమృతము తెచ్చి యిచ్చినగాని తల్లికి విడుదల కలుగలేదు. పల్నాటి కథలోను ఇంతే. కోడిపోరున ఓడినందుకు ఏడేండ్లు వలసపోయినది పుంజును బరిలో దింపినవారు మాత్రమే కాదు.

చట్టము పణ ధాతువును రెండుగా చీల్చినది. 1872 నాటి ఒడంబడికల చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒడంబడిక చెల్లదు. గెలిచినవాడు దావా వేయజాలడు. గుఱ్ఱపు పందెమున గెలిచినవానికిచ్చు 500 రూపాయలు మొదలు ఆపై విలువగల బహుమానమునకు చందా వేసికొనుట మాత్రము చెల్లునట! 1959లో సుప్రీంకోర్టు, ఇట్టి ఒడంబడిక చెల్లనిదే గాని అంతమాత్రమున చట్టవిరుద్ధము కాదని తీర్పు చెప్పినది. కోళ్ళను పోరాడించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. అయినను సంక్రాంతికి గోదావరి తీరమున బరులు వెలయుచునే యున్నవి. ఇద్దరు ఆసాముల నడుమ పడునది అసలు పందెము; చుట్టు నిలిచినవారు తమలో తాము కాయునవి పైపందెములు. అక్కడ కాగితముండదు, సాక్షి సంతకముండదు. ఓడినవాడు ఆ బాకీని అక్కడికక్కడనే తీర్చి, కిరాణా కొట్టు బాకీని వచ్చే నెలకు త్రోయును. ఆ పైకములో ఇల్లాలి పసుపుకుంకుమల సొమ్మెంతయో, పిల్లవాని బడి జీతమెంతయో బరివద్ద ఎవరును అడుగరు.