పచ్చిపాలు, ప్యాకెట్ పాలు: పాడిరైతు తెలుసుకోవలసింది

(పాడిరైతుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారుజామునే లేచి పాలు పితికి, కేంద్రంలో పోసి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. సాయంత్రం పాల వేళకు మళ్లీ ఇంటికి చేరాలి. అందుకని సూటిగా విషయానికి వస్తాను.

మీ సంఘం కార్యకర్తలు నన్నొక ప్రశ్న అడిగారు. "డాక్టరుగారూ, పట్నంలో కొంతమంది పచ్చిపాలే ఆరోగ్యమని ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. ప్యాకెట్ పాలలో సారం చచ్చిపోతుందంటున్నారు. ఇంకోపక్క రైతు పోసే పాలు మురికివి, ప్యాకెట్టే శుద్ధమైనది అనే ప్రచారమూ ఉంది. ఏది నిజం? మేం ఏమని చెప్పాలి?" అని.

రెండు మాటల్లోనూ కొంత నిజం, కొంత వ్యాపారం ఉన్నాయి. నేను చెప్పేది ఇది: పాలు పచ్చివి తాగకండి, తాగమని ఎవరికీ అమ్మకండి. అలాగని కాస్తే చాలు, పాలు శుద్ధి అయిపోతాయని కూడా అనుకోకండి. వేడికి చావనివి కొన్ని ఉన్నాయి. వాటిని మన కొట్టంలోనే ఆపాలి.

ముందు ప్యాకెట్ పాలకు ఏం చేస్తారో చూద్దాం. పాశ్చరైజేషన్ అంటే రసాయనం కలపడం కాదు. పాలను 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు గానీ, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు గానీ ఉంచి వెంటనే చల్లార్చడం. రోగాలు తెచ్చే క్రిములు ఆ వేడికి చస్తాయి. మన ఇళ్లలో పొంగు వచ్చేదాకా కాచడం అంతకంటే ఎక్కువ వేడి. దాలిగుంటలో పిడకల సెగ మీద పాలకుండ పెట్టి, ఎర్రగా మీగడ కట్టేదాకా కాచిన మన అమ్మమ్మలకు క్రిముల సంగతి తెలియదు గానీ, చేసింది అదే పని.

వేడి చేస్తే సారం పోతుందా? మాంసకృత్తులు, కాల్షియం, కొవ్వు ఎక్కడికీ పోవు. బి విటమిన్లలో కొన్ని కొంత తగ్గుతాయి. పాశ్చరైజ్ చేసినప్పుడు కొద్దిగా, మరిగించినప్పుడు ఇంకొంచెం ఎక్కువగా. సి విటమిన్ తగ్గుతుంది గానీ, దానికోసం ఎవరూ పాలు తాగరు. ఒక జామకాయలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పచ్చిపాలలో ఎంజైములు ఉంటాయి, అవి వేడికి పోతాయంటారు. పోయేమాట నిజమే. ఫాస్ఫటేస్ అనే ఎంజైము పోయిందో లేదో చూసే డెయిరీల్లో పాలు సరిగా పాశ్చరైజ్ అయ్యాయా అని తేలుస్తారు. కానీ మన అరుగుదలకు ఆ ఎంజైముల అవసరం లేదు. పాలు పడనివాళ్లకు పచ్చిపాలు పడతాయనడం కూడా సరికాదు. వాళ్లకు పడనిది లాక్టోజ్ అనే పాల చక్కెర. అది పచ్చిపాలలోనూ అంతే ఉంటుంది. ఇక మంచి బాక్టీరియా కావాలంటే పెరుగు ఉంది. ముందు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు పెట్టే పద్ధతి మనది.

పచ్చిపాల వైపు వాదించేవాళ్ల దగ్గర ఒక బలమైన మాట ఉంది. దాన్ని దాచకూడదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పల్లెల్లో పాడి ఉన్న ఇళ్ల పిల్లలను పరిశీలిస్తే, పచ్చిపాలు తాగేవాళ్లలో ఉబ్బసం, అలర్జీలు తక్కువగా కనిపించాయి. అయితే ఆ శాస్త్రవేత్తలే పిల్లలకు పచ్చిపాలు పట్టమని సలహా ఇవ్వలేదు. ఎందుకంటే ఆ పాలతో వచ్చే జబ్బులు ఉబ్బసం కంటే చిన్నవేం కావు.

ఎంత పెద్దవో చెప్పడానికి మాల్టా సంగతి చెప్తాను. మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపం అది, అప్పట్లో ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉండేది. అక్కడి సైనికులకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం పట్టుకునేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ క్రిమిని కనిపెట్టాడు. అది ఎక్కణ్నుంచి వస్తోందో మాత్రం ఏళ్ల తరబడి తేలలేదు. 1905లో మాల్టాకే చెందిన జమిత్ అనే వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షిస్తే గుట్టు బయటపడింది. చూడ్డానికి ఆ మేకలు నిక్షేపంగా ఉన్నాయి. వాటిని గడప దగ్గరికే తోలుకొచ్చి, కొనేవాళ్ల కళ్లముందే పితికి పోసేవారు. నీళ్లు కలపలేదు, నిలవ పెట్టలేదు. అయినా జబ్బు వచ్చింది. మరుసటి ఏడాది సైనికులకు మేకపాలు ఆపేస్తే జ్వరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

కళ్లముందు పితికితే కల్తీ లేదని తెలుస్తుంది. రోగం లేదని తెలియదు. బ్రూస్ పేరు మీదే ఆ జబ్బును బ్రుసెల్లోసిస్ అంటున్నాం. మన గేదెలు, ఆవులు నెలలు నిండకుండా ఈసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం అదే. పశువుల క్షయ కూడా పచ్చిపాల ద్వారా మనిషికి వస్తుంది. 2024లో అమెరికాలో పక్షుల ఫ్లూ పాడి ఆవులకు సోకినప్పుడు, ఆ వైరస్ పచ్చిపాలలో కనిపించింది. పాశ్చరైజ్ చేస్తే చచ్చింది.

నా అనుభవం ఒకటి చెప్తాను. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రైతు గేదె ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ పడలేదు. నేను వెళ్లేసరికి ఆయనే ఒట్టి చేత్తో సగం లాగేశాడు. వేలికి కొడవలి గాటు ఉంది. నేను గేదెకు వైద్యం చేసి వచ్చేశాను. కొన్ని వారాలకు ఆయనకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుంనొప్పి మొదలయ్యాయి. మలేరియా అని కొన్నాళ్లు, టైఫాయిడ్ అని కొన్నాళ్లు మందులు మింగాడు. ఆ సీజనంతా పొలం పని పోయింది, ఉన్న గేదెను అమ్ముకున్నాడు. ఆఖరికి రక్తపరీక్షలో బ్రుసెల్లా అని తేలింది. ఆ రోజే "చేతులు సబ్బుతో కడుక్కో, జ్వరం వస్తే డాక్టరుకు ఈ సంగతి చెప్పు" అని నేను ఒక్కమాట అని ఉండాల్సింది. గేదె గురించే ఆలోచించాను గానీ మనిషి గురించి ఆలోచించలేదు. ఆ తప్పు నాది. అందుకే ఎక్కడ మాట్లాడినా ఈ సంగతి చెప్తున్నాను. మొదట జబ్బు పడేది పట్నం వినియోగదారుడు కాదు, పాలు పితికే మనమే, గుమ్మపాలు తాగే మన పిల్లలే.

ఇక వేడికి చావని వాటి గురించి. బూజుపట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, తడిసిన మొక్కజొన్న మేపితే వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి దిగుతుంది. ఎంత కాచినా పోదు, పాశ్చరైజ్ చేసినా పోదు. పొదుగువాపుకు ఎక్కించిన యాంటీబయాటిక్ మందు కూడా చాలావరకు అలాగే మిగులుతుంది. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. కల్తీ దొరికింది 12 నమూనాల్లో. అఫ్లాటాక్సిన్ హద్దు దాటింది మాత్రం 368 నమూనాల్లో. అందులో ప్యాకెట్ పాలూ ఉన్నాయి. కల్తీ గురించి ఊరంతా మాట్లాడతాం. బూజు చెక్క గురించి ఎవరూ మాట్లాడరు.

ప్యాకెట్ మీద రాసింది చదవడం కూడా నేర్చుకోవాలి. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5. అంటే మనం పోసే గేదె పాలలోని వెన్న సగానికి పైగా తీస్తే టోన్డ్ పాలవుతాయి. అవి విషం కాదు, కొవ్వు తగ్గించుకోవలసినవాళ్లకు మంచివే. వెన్నతోపాటు ఎ విటమిన్ పోతుంది కాబట్టి కొన్ని కంపెనీలు ఎ, డి విటమిన్లు మళ్లీ కలుపుతున్నాయి. తీసిన వెన్న నెయ్యిగా, ఐస్‌క్రీముగా వేరే ధరకు అమ్ముడవుతుంది. ప్యాకెట్ పాలలో మనం తప్పుపట్టవలసింది వేడిని కాదు, ఈ లెక్కలో మన వాటాను.

ఇంటికి వెళ్లాక చేయవలసినవి చెప్తాను. పితికే ముందు పొదుగు కడిగి, పొడిబట్టతో తుడవండి. మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసి చూడండి. విరుగుడు కనిపిస్తే ఆ పాలు కలపొద్దు. ప్లాస్టిక్ డబ్బాలు మాని స్టీలు క్యాన్లు వాడండి. మందు వేసిన పశువు పాలు, సీసా మీద రాసిన గడువు తీరేదాకా కేంద్రంలో పోయొద్దు. బూజు చెక్క ఎంత చవకైనా కొనొద్దు. ఈసుకుపోయిన దూడను, మాయను చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. సున్నం వేసి లోతుగా పూడ్చండి, కుక్కలకు వేయొద్దు. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రుసెల్లా టీకా వేయించండి. జీవితంలో ఒక్కసారి చాలు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద దాన్ని ఉచితంగా వేయాలి. ఇంటింటికీ పాలు పోసేవాళ్లు "కాచి తాగండమ్మా" అని చెప్పి పోయండి. ఆ మాటతో మీ గిరాకీ తగ్గదు, నమ్మకం పెరుగుతుంది.

ఇవన్నీ రైతు ఒక్కడే మోయగలిగేవి కావు. సంఘం అడగవలసినవి ఉన్నాయి. ప్రతి పాలకేంద్రంలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ పరీక్ష రైతు ఎదుటే జరగాలి, చీటీ ఇవ్వాలి. పాలు చల్లబరిచే కేంద్రం దగ్గరలో ఉండాలి, ఎండాకాలం దారిలో విరిగిన పాల నష్టం రైతు మీద వేయకూడదు. దాణా బస్తాలను అఫ్లాటాక్సిన్‌కు పరీక్షించి, ఆ ఫలితం బస్తా మీద ముద్రించాలి. బ్రుసెల్లా ఉందని తేలిన పశువుకు పరిహారం ఇవ్వాలి. పరిహారం లేకపోతే రైతు ఏం చేస్తాడు? చెప్పకుండా సంతకు తోలుతాడు, జబ్బు పక్క ఊరికి పోతుంది. తప్పు అతనిది అనడం తేలిక. అతనికి ఇంకో దారి చూపించాలి కదా.

మంచి పాలు పోయడం మన బాధ్యత. మంచి పాలకు మంచి ధర అడగడం మన హక్కు. మొదటిది చేస్తూ రెండోది అడిగితే ఎవరూ కాదనలేరు. ఈ రాత్రి ఇంట్లో పిల్లలకు పాలు ఇచ్చేముందు పొంగు వచ్చేదాకా కాచి ఇవ్వండి. మిగతా పని రేపు పొద్దున కొట్టంలో మొదలుపెడదాం.

సెలవు.