పసుపు పంట, పసుపు మాత్ర
(మాదాపురమున పసుపు రైతుల సమావేశములో చేసిన ప్రసంగము)



మనము ఈ దినము కూర్చున్న మాదాపురము ఒకప్పుడు రాళ్ళగుట్టల నడుమనున్న పల్లె. 1998 లో సైబర్ టవర్స్ అను మేడ ప్రారంభమైన పిదప ఈ ప్రాంతము హైటెక్ సిటీ అయినది. ఇక్కడ ఇప్పుడు పంట పండదు. అయినను మన పంటలలో ఒకదానికి ఇక్కడ మంచి గిరాకి కలదు. మందుల దుకాణములలో చిన్న చిన్న సీసాలలో పసుపు మాత్రలు అమ్ముచున్నారు. రాత్రింబవళ్ళు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయు యువకులు వీనిని కొని మ్రింగుచున్నారు. శరీరములోని ఆక్సీకరణ ఒత్తిడిని ఇవి తగ్గించునని చెప్పుకొందురు.

నేను ఈ విషయమునకు పూనుకొనుటకు కారణము ఆర్మూరు వైపునుండి వచ్చిన ఒక రైతు. ఆయన సంచిలోనుండి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టి, "సారూ, మా పిల్లగాడు ఈడనే మాదాపూర్ల కొలువు చేస్తడు. వాళ్ల అమ్మకు ఈ పసుపు గోలీలు పంపుతున్నడు. మన పొలంల పండేదే గద, ఎన్ని మింగినా ఏం గాదు గద?" అని అడిగినాడు. ఆమెకు గుండెజబ్బు కలదు. రక్తము గడ్డకట్టకుండ డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుచున్నది. రెండెకరాల పసుపు పండించు ఇంటికి పట్నమునుండి పసుపు టపాలో వచ్చుట చూచి నాకు నవ్వు వచ్చినమాట నిజమే గాని, ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు.

ముందుగా ఆక్సీకరణమననేమో చూతము. నాగటికర్రును వానలో వదలిన తుప్పు పట్టును. కోసిన వంకాయముక్క నల్లబడును. మూతలేని నూనె నిలువయుండిన కంపు కొట్టును. ఈ మూడును గాలిలోని ఆమ్లజని చేయు పనులే. మన శరీరములో గూడ తిన్న అన్నము ఆమ్లజనితో కలిసి శక్తినిచ్చును. అప్పుడు పొయ్యినుండి నిప్పురవ్వలు లేచినట్లు కొన్ని చురుకైన ఆమ్లజని రూపములు వెలువడి, కణముల పొరలలోని క్రొవ్వును, మాంసకృత్తులను పాడుచేయును. ఈ రవ్వలను ఆర్పు పదార్థములను శరీరమే తయారుచేసికొనును. ఆకుకూరలు, పండ్లు మరికొంత సాయపడును. రవ్వలు హెచ్చై ఆర్పు శక్తి చాలనప్పుడు కలుగు స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి యందురు. పొగత్రాగువారికి, మధుమేహము గలవారికి ఇది ఎక్కువ.

అయితే రవ్వలన్నియు శత్రువులు కావు. రక్తములోని తెల్లకణములు రోగక్రిములను చంపుటకు ఈ రవ్వలనే వాడుకొనును. పురుగు కనబడగానే మందు కొట్టి మిత్రపురుగులను గూడ చంపుకొన్నవారు మన ఊళ్ళలో తక్కువ లేరు. అట్లే శరీరములోని రవ్వలన్నిటిని ఆర్పివేయుట మేలు కాదు.

ఇక పసుపు సంగతి. దీనికి రంగునిచ్చు పదార్థము కర్క్యుమిన్. 1815 లోనే ఐరోపా శాస్త్రజ్ఞులు దీనిని వేరుపరచిరి. రకమునుబట్టి, నేలనుబట్టి ఎండు పసుపులో ఇది సాధారణముగా నూటికి రెండు మొదలు ఆరు పాళ్ళ వరకు ఉండును. పరిశోధనశాలలోని గాజునాళికలో ఇది రవ్వలను చక్కగా ఆర్పును. చిక్కంతయు శరీరములో చేరుటలోనే యున్నది. నీటిలో కరగదు, ప్రేగులు పీల్చుకొనునది స్వల్పము, ఆ స్వల్పమును గూడ కాలేయము త్వరగా మార్చి బయటికి పంపివేయును. 1998 లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తోబాటు మిరియములలోని ఘాటుపదార్థమైన పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూచిరి. శరీరములో చేరినది సుమారు ఇరువది రెట్లు పెరిగినది. మాత్రలు చేయువారు పలువురు మిరియపు సారము కలుపుటకు కారణమిదే.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పసుపుపై చాలకాలముగా పరిశోధించినది. 1992 లో ప్రకటించిన ఒక పరిశీలనలో, పొగత్రాగు 16 మందికి దినమునకు ఒకటిన్నర గ్రాముల పసుపు ముప్పది దినములు ఇచ్చిరి. జన్యువులను చెరచు పదార్థములు వారి మూత్రములో తగ్గినవి. పదునారుగురు చిన్న సంఖ్య యని గుర్తుంచుకొనవలెను. నాకు అంతకంటె ముఖ్యమని తోచునది అదే సంస్థవారు 2003 లో ప్రకటించిన ఎలుకల ప్రయోగము. గెలాక్టోస్ అను చక్కెరను హెచ్చుగా మేపి ఎలుకల కండ్లకు శుక్లము తెప్పించిరి. మేతలో లక్ష పాళ్ళకు రెండు పాళ్ళ కర్క్యుమిన్ కలిపినప్పుడు శుక్లము ఆలస్యమైనది. లక్షకు పది పాళ్ళు కలిపినప్పుడు, ఏమియు కలపని ఎలుకలకంటె గూడ త్వరగా ముదిరినది! ఒక బస్తా యూరియా మేలు చేసినదని ఐదు బస్తాలు చల్లినట్లైనది. ఎలుకలకు జరిగినది మనుష్యులకు అట్లే జరుగునని నేననను. ఎక్కువ వాడిన ఎక్కువ మేలు అను మాట మాత్రము నిలువదు.

ఇప్పుడు ఆ సీసా లెక్క చూతము. మాత్ర ఒక్కటి 500 మిల్లీగ్రాములు. అందులో నూటికి 95 పాళ్ళు కర్క్యుమిన్ జాతి పదార్థములని వ్రాసియున్నది. అనగా 475 మిల్లీగ్రాములు. నూటికి మూడు పాళ్ళు గల పసుపునుండి ఇంత రావలెనన్న సుమారు 16 గ్రాముల పొడి కావలెను. దినమునకు రెండు మాత్రలన్న 32 గ్రాములు. ఏ ఇల్లాలైనను ఒక మనిషికి ఇంత పసుపు వడ్డించునా? తాతలనాటినుండి తినుచున్నదే గదా అను వాదము పప్పులోని చిటికెడు పసుపునకు చెల్లును గాని, ఈ మాత్రకు చెల్లదు.

పసుపు మాత్రల వలన కాలేయము చెడినదని నిర్ధారించిన పదిమంది వివరములను 2022 లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. వారిలో ఒకరు మరణించిరి. కొందరు వాడిన మాత్రలలో మిరియపు సారముండెను. అదే సంవత్సరమున ఇటలీ ప్రభుత్వము ఇట్టి సీసాలపై హెచ్చరిక ముద్రించవలెనని ఆదేశించినది. ఈ హాని అరుదైనదే. కాని రక్తమును పలుచబరచు వార్ఫరిన్ మందు వాడువారు ఈ మాత్రలు గూడ చేర్చిన, రక్తస్రావ భయమున్నది.

కనుక ఆ రైతుతో, "కూరలో పసుపు మానవద్దు, ఈ సీసాను మాత్రము డాక్టరుకు చూపించు వరకు పెట్టెలో పెట్టుము" అని చెప్పితిని. డాక్టరు చూచి మాన్పించినాడట. కుమారుడు ఇప్పుడు ఊరినుండి పొడి తెప్పించుకొని కూరలో వాడుచున్నాడు.

మరి మనము ఈ గిరాకిని వదలుకొనవలెనా? వదలరాదు. 2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. సారము తీయువారు బరువుతోబాటు కర్క్యుమిన్ పాలు గూడ చూతురు. కావున త్రవ్విన రెండు మూడు దినములలో కొమ్ములను, తల్లిదుంపలను వేరుచేసి విడివిడిగా ఉడికించవలెను. నురుగు వచ్చి, పసుపు వాసనగల ఆవిరి లేచి, పుల్ల గ్రుచ్చిన సులువుగా దిగినప్పుడు దింపవలెను. ఎక్కువ ఉడికిన రంగు చెడును. తక్కువైన కొమ్ము పెళుసుబారును. నేలపై గాక శుభ్రమైన కళ్ళముపైగాని టార్పాలినుపైగాని పది పదునైదు దినములు ఎండబెట్టవలెను. వెలుతురు తగిలిన కొలది రంగు తగ్గును గనుక, ఎండిన సరకును చీకటిగదిలో నిలువచేయవలెను.

మెరుగు పెట్టునప్పుడు సీసపు క్రోమేటు కలిపిన పచ్చరంగు చల్లుదురని మీరు విని యుందురు. సీసము పిల్లల మెదడును చెరచును. అంతేకాదు, ఏ ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించుటకు పట్నమువారు పసుపు కొనుచున్నారో, దానినే సీసము పెంచును. రంగు వేసి తెచ్చిన ధర ఎంతయైనను ఆ పని చేయకుడు.

ఈ మేడలలోనివారికి నేరుగా పొడి అమ్మదలచిన సంఘములవారు ఆహార భద్రత రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని తీసికొనవలెను. పొట్లముపై రోగములు నయమగునని వ్రాయరాదు, అది చట్టవిరుద్ధము. రకము పేరు, పండిన ఊరు, పొడి పట్టిన తేదీ, బరువు, చేయించి యున్నచో పరీక్షలో తేలిన కర్క్యుమిన్ పాలు స్పష్టముగా ముద్రింపుడు. పరీక్షకు పంపు మచ్చును ఒకే బస్తానుండి గాక ఐదారు బస్తాల అడుగునుండి, నడుమనుండి, పైనుండి తీసి కలిపి పంపవలెను.