నేల అడుగున ఉప్పునీటి జాడ

విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి కృష్ణా డెల్టాకు కాలువ నీరే ఆధారము. 1957లో ప్రకాశం బ్యారేజి సిద్ధమైన పిదపను అంతే. కాని అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరుల వైపు సాగిన కొలదియు బావినీరు తరచు ఉప్పగా నుండుట మన మెరిగినదే. తీరమున మంచినీరు దొరకునది ఎక్కువగా ఇసుక మేటలలోనే. వాననీరు, కాలువలనుండి ఇంకిన నీరు ఆ ఇసుకలో చేరి, అడుగుననున్న ఉప్పునీటిపై తేలియుండును.

సముద్రజలము మంచినీటికన్న నూటికి 2.5 పాళ్లు బరువైనది. ఇంత చిన్న భేదమునకు ఎంతటి ఫలితము! సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరు నిలిచినచో, దిగువన సుమారు 40 అడుగుల వరకు మంచినీరే యుండునని లెక్క. 19వ శతాబ్ది చివర డచ్చి సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మనీ దేశస్థుడు హెర్జ్‌బర్గ్ దీనిని వేరువేరుగా వివరించిరి. అయితే మోటార్లతో తోడి ఆ మట్టమును 1 అడుగు దింపి అట్లే యుంచినచో, కాలక్రమమున ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. ఆ సంగతి నాలుకకు తెలియునప్పటికి ఆలస్యమైపోవును. ఒకసారి ఉప్పెక్కిన ఇసుక తిరిగి శుభ్రపడుటకు ఏండ్లు పట్టును.

ముందుగా తెలిసికొను మార్గమున్నదా? ఉన్నది. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా పోనిచ్చును. మంచినీరు నిండిన ఇసుక అంతగా పోనీయదు. పొలమున వరుసగా నాలుగు లోహపు మేకులు దింపి, చివరి రెంటిగుండ విద్యుత్తును పంపి, నడిమి రెంటిమధ్య వోల్టేజిని కొలుతురు. చివరి మేకులను ఎడముగా జరిపిన కొలది మరింత లోతు సంగతి తెలియును. ఫ్రాన్సున కాన్రాడ్ ష్లంబర్జె 1912లో ఇట్టి ప్రయోగములకు పూనుకొనెను. నేడు పదుల కొలది మేకులను ఒకే కేబులుకు తగిలించి, కంప్యూటరు సాయముతో నేలను నిలువున కోసి చూపినట్లు చిత్రము గీయుచున్నారు. హైదరాబాదున 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ విద్యలో కృషి చేయుచున్నది.

అయినను చిత్రమును చూచి తొందరపడరాదు. తడిసిన బంకమన్ను కూడ విద్యుత్తును బాగుగానే పోనిచ్చును. మన డెల్టాలో బంకమన్నుకు కొదవలేదు. పూర్వకాలమున సముద్రము లోనికి వచ్చి వెనుదిరిగినపుడు పొరలలో చిక్కిన పాత ఉప్పునీరును కలదు. కావున బోరునీటిని పరీక్షించి చిత్రముతో సరిచూడవలెను. ఏటేట అదే గీతమీద, అదే ఋతువున మరల కొలువవలెను. ఉప్పు పాతదై కదలక యున్నదా, లేక పైకి జరుగుచున్నదా అనుటకు ఒక్క చిత్రము చాలదు. వరుస చిత్రములు కావలెను.

జరుగుచున్నదని తేలినచో చేయవలసిన దేమి? బాపట్ల తీరపు రైతుల దొరువులను చూడుడు. లోతునకు పోక, పైపొర నీటినే కొద్దికొద్దిగా తీసికొనుటకు త్రవ్విన గుంటలవి. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఇసుకలో అడ్డముగా చిల్లుల గొట్టములు పరచి, ఊరిన నీరు నడిమి బావిలో చేరునట్లు ఈ పద్ధతినే మెరుగుపరచిరి. మన పొలము క్రింద తియ్యని పొర ఎంత మందమో తెలిసిన పిమ్మటనే మోటారు ఎంత పెద్దది, బోరు ఎంత లోతు అను ప్రశ్న రావలెను. ఆ పొర ఒక్కరి గట్టుతో ఆగునది కాదు గనుక, ఇరుగుపొరుగు రైతులు కలిసి నిర్ణయించుకొనుట మేలని మా మనవి.