సగం మార్కులు, ముప్పాతిక హాజరు

కాలేజీ స్కాలర్‌షిప్ ఒకసారి వచ్చిందంటే చదువు అయ్యేదాకా దానంతట అదే వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. జంషెడ్‌పూర్‌లో కద్మాలో ఉంటూ బిష్టుపూర్ వైపు కాలేజీకి వెళ్లే తెలుగింటి పిల్లలకైనా ఇదే లెక్క.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ సంగతి చూద్దాం. ఇంటర్ మార్కులు, ఇంటి ఆదాయం చూసి ఇస్తారు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు. అది ఆగకుండా రావాలంటే ఏటా పరీక్షల్లో కనీసం సగం మార్కులు రావాలి, తరగతుల్లో 75 శాతం హాజరు ఉండాలి. అంటే నాలుగు క్లాసులు జరిగితే మూడింటికి వెళ్లాలి.

మార్కుల మాట అందరికీ గుర్తుంటుంది. దెబ్బ తీసేది హాజరే. శ్రీకాకుళంలో పెళ్లికని వెళ్లి, పండగ కూడా చూసుకుని, మూడు వారాలకు తిరిగొచ్చి టాటానగర్ స్టేషన్‌లో రైలు దిగితే రిజిస్టరు నిండా ఆబ్సెంటులే. నాలుగింట మూడు అన్న లెక్క తప్పడం అక్కడే మొదలవుతుంది.

రెన్యువల్ దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. దాన్ని కాలేజీ సరిచూసి పైకి పంపాలి. పంపారో లేదో గడువులోగా ఆఫీసుకు వెళ్లి అడగడం విద్యార్థి పనే.